ఇంటికెళ్లొచ్చు అన్న తొమ్మిదిన్నర గంటలకు

జనవరి దాటిందంటే ఎంబీఏ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పిల్లలు ప్రాజెక్ట్ వర్క్ అంటూ మా ఆస్పత్రికి రావడం మొదలవుతుంది. టైటిల్ ముందే రాసుకొచ్చి ఉంటారు: ఓపీలో వెయిటింగ్ టైమ్, లేదంటే డిశ్చార్జ్‌కి పట్టే టైమ్. 45 రోజులు తిరుగుతారు, వంద మంది చేత ఫారాలు నింపిస్తారు, చివరి పేజీలో 'బిల్లింగ్‌లో సిబ్బందిని పెంచాలి' అని రాసి బైండింగ్‌కి ఇస్తారు. చదివేటప్పుడు నేనూ అదే రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఆపరేషన్స్ మేనేజర్ అయ్యాక ఆ సలహాని నిజంగానే అమలు చేసి చూశాను. ఏం కాలేదు. డబ్బు ఖర్చయింది, అంతే. ఆ తర్వాత ఏం చేశామన్నదే ఈ కేస్.

ఆస్పత్రి గుంటూరులో ఉంది, పేరు అక్కర్లేదు. 180 పడకలు. జనరల్ సర్జరీ, ఆర్థో, గుండె, గైనిక్, జనరల్ మెడిసిన్. రోజుకు 25 నుంచి 30 మంది డిశ్చార్జ్ అవుతారు. మాకు రోగులు మూడు రకాలు: చేతి డబ్బు కట్టేవాళ్లు, ఇన్సూరెన్స్ కార్డుతో వచ్చేవాళ్లు, ఆరోగ్యశ్రీ వాళ్లు. (ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. వార్డులో మాత్రం మొదటి నుంచీ ఇప్పటిదాకా అందరి నోటా ఆరోగ్యశ్రీయే.) ఎక్కువ మంది పల్నాడు వైపు నుంచీ బాపట్ల వైపు నుంచీ వస్తారు. వాళ్ల లెక్కలో డిశ్చార్జ్ టైమ్ అంటే బస్సు టైమ్.

సమస్య నా దాకా వచ్చింది మార్కెటింగ్ వాళ్ల నోటి ద్వారా. మా పీఆర్వో ఒకతను పల్లెల్లో తిరిగొచ్చి, సోమవారం మీటింగులో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు అన్న మాట చెప్పాడు: "మీ సర్జన్ చెయ్యి మంచిదేనయ్యా, కాదనను. పొద్దున్నే పంపిస్తామని చెప్పి చీకటి పడేదాకా కూర్చోబెడితే, ఊళ్లో జనం నన్ను పట్టుకుని అడుగుతున్నారు." మీటింగులో అందరూ నావైపు చూశారు.

ఆ మాటను తేలిగ్గా తీసుకోలేకపోవడానికి కారణముంది. ఆస్పత్రి మార్కెటింగ్ సబ్బుల మార్కెటింగ్ లాంటిది కాదని మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు గానీ, ఎందుకు కాదో ఉద్యోగంలో చేరాకే తెలుస్తుంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డాక్టరు ప్రకటనలిచ్చి రోగుల్ని పిలుచుకోకూడదు, కేసు పంపినవాళ్లకు కమీషన్ ఇవ్వకూడదు. ఆ రూలు ఎక్కడెక్కడ ఎంతెంత అమలవుతోందో ఆస్పత్రులు బారులు తీరిన గుంటూరు కొత్తపేటలో టీ కొట్టువాణ్ని అడిగినా చెప్తాడు, అది వేరే కథ. కమీషన్ దారి వద్దనుకున్న ఆస్పత్రికి ఇక మిగిలేది ఒక్కటే, ఇంటికెళ్లిన మనిషి ఊళ్లో అరుగు మీద కూర్చుని ఏం చెప్తాడన్నది. ఆ మనిషికి ఏం గుర్తుంటుందన్న దాని మీద 1996లో డాక్టర్ రెడెల్‌మైయర్, మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్ చేసిన పరిశోధన ఒకటుంది. కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకుంటున్న రోగుల్ని, ఇప్పుడెంత నొప్పిగా ఉందని మధ్య మధ్యలో అడుగుతూ రాసుకున్నారు. అంతా అయ్యాక, మొత్తం మీద ఎలా ఉందని అడిగారు. పరీక్ష ఎంతసేపు జరిగిందన్నది వాళ్ల జవాబుల్లో దాదాపు కనపడలేదు. బాగా నొప్పి పెట్టిన ఘడియ, చివరి మూడు నిమిషాలు, ఈ రెండూ కలిసి తీర్పు చెప్పాయి. మా దగ్గర చివరి మూడు నిమిషాలు కాదు, చివరి పూటంతా పాడు చేస్తున్నాం.

ఒక బుధవారం

రిపోర్టులు చూస్తే ఏం తెలియదని, ఒక రోజంతా ఒకే పేషెంట్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సత్తెనపల్లి దాటి లోపలికి వెళ్లే ఊరు ఆవిడది, యాభై దాటిన మనిషి. పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ చేశారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, వాళ్ల కంపెనీ ఇన్సూరెన్స్.

ఉదయం 9:40కి సర్జన్ గారు వచ్చి, కుట్లు చూసి, "బాగుందమ్మా, ఇంటికెళ్లొచ్చు" అన్నారు. కొడుకు అప్పుడే బ్యాగు సర్దాడు. ఫ్లాస్కు, దుప్పటి, టిఫిన్ క్యారియర్ అన్నీ మంచం చివర పేర్చి పెట్టాడు. సిస్టర్ మాత్రం రౌండ్స్‌లో డాక్టరు వెనకే వెళ్లాలి, కేస్ షీట్ కూడా ఆ ట్రాలీలోనే వెళ్లిపోయింది. రౌండ్స్ 10:30కి అయ్యాయి. తర్వాత ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు. 11:20కి సిస్టర్ ఆవిడ మందుల డబ్బా తీసి వాడనివి లెక్కపెట్టడం మొదలుపెట్టింది: నాలుగు యాంటీబయాటిక్ వయల్స్, రెండు సెలైన్ బాటిళ్లు, సిరంజిలు, ఒక ఐవీ సెట్. వీటిని ఫార్మసీకి వాపసు చేసి, ఆ డబ్బు బిల్లులోంచి తీసేస్తే గానీ ఫైనల్ బిల్ తేలదు. ఇరవై నిమిషాల్లో బుట్ట రెడీ. తీసుకెళ్లాల్సిన వార్డ్ బాయ్ ఇంకో ఫ్లోర్‌లో పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్లాడు. బుట్ట ఫార్మసీ చేరేసరికి 12:25. అక్కడ ఓపీ జనం క్యూలో నిలబడి ఉంటే వాపసు బుట్టల్ని ఎవరు పట్టించుకుంటారు? ఆపైన లంచ్. 1:50కి పది నిమిషాల్లో ఎంట్రీ కొట్టారు.

ఈలోపు డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టరు ఐసీయూలో ఇరుక్కుపోయాడు. 2:25కి వచ్చి పావుగంటలో టైప్ చేశాడు. సంతకం పెట్టాల్సిన సర్జన్ గారు 10:30 నుంచీ ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. రెండు కేసుల మధ్య బయటికొచ్చి 3:35కి సంతకం పెట్టారు. 4:05కి బిల్లు, 4:10కి ఇన్సూరెన్స్‌కి అప్‌లోడ్.

"బాబూ, ఈ గొట్టం ఇంకా ఎందుకుంచారు? తీసేస్తే జడేసుకుంటాను గదా" అని చెయ్యి చూపించిందావిడ. క్యాన్యులా ఇంకా చేతికే ఉంది. సిస్టర్‌ని అడిగితే, "ఫైనల్ బిల్ అయ్యాకే తీస్తాం సర్, మధ్యలో ఏదైనా ఇంజెక్షన్ రాస్తే మళ్లీ గుచ్చాలి కదా" అంది. సిస్టర్ చెప్పిందీ న్యాయమే. పొద్దున్న నుంచి విరబోసుకున్న జుట్టుతో, ఒంటి చేత్తో కొంగు సర్దుకుంటూ కూర్చున్న మనిషికి మాత్రం ఆ న్యాయం ఎక్కదు.

4:55కి ఇన్సూరెన్స్ నుంచి క్వెరీ వచ్చింది: పేషెంట్‌కి బీపీ ఎప్పటి నుంచి ఉంది? కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టరు రెండేళ్లని రాశాడు, నర్సింగ్ షీట్‌లో ఐదేళ్లని ఉంది. రెండిట్లో ఏది నిజమో తేల్చి డాక్టరు లెటర్ రాసివ్వాలి. ఐదు నిమిషాల పనికి 5:40 అయింది. 6:30కి అప్రూవల్. గ్లవ్స్, డైపర్లు లాంటి ఇన్సూరెన్స్ ఇవ్వని వాటికి కొడుకు ఫోన్‌పే చేసి, గేట్ పాస్ తీసుకునేసరికి 7:10. సత్తెనపల్లి దాకా బస్సులుంటాయి, అక్కణ్నుంచి ఊళ్లోకే ఉండవు. ఆటో మాట్లాడుకున్నారు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో లెక్క కట్టాను. మొత్తం 570 నిమిషాలు. అందులో ఎవరో ఒకరు చేత్తో నిజంగా పని చేసినవి 77 నిమిషాలు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర గడిచినవి 95. మిగతా ఆరున్నర గంటల పైచిలుకు ఫైలు ఎక్కడో ఒకచోట పడి ఉంది.

అప్పటిదాకా మీటింగుల్లో మా అందరి పాట ఒకటే, "టీపీఏ వాళ్లు లేట్ చేస్తున్నారు". (టీపీఏ అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ.) బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన సర్క్యులర్ వచ్చి అప్పటికి కొన్ని నెలలైంది. క్యాష్‌లెస్ రిక్వెస్ట్ వస్తే గంటలో తేల్చాలి, డిశ్చార్జ్ రిక్వెస్ట్ వస్తే మూడు గంటల్లో అప్రూవల్ ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ ఖర్చు బీమా కంపెనీయే తన వాటాదారుల నిధి నుంచి భరించాలి అని అందులో ఉంది. ఆ కాగితాన్ని మేం టీపీఏ డెస్క్ మీద అంటించుకుని మరీ తిరిగాం. ఆ మూడు గంటల గడియారం తిరగడం మొదలయ్యేది మేం రిక్వెస్ట్ పంపాకే. ఈ కేసులో వాళ్లు పాసయ్యారు. ఫెయిలయింది మేం, అదీ పంపడానికి ముందే.

రెండు వారాల పాటు మిగతా వార్డుల్లోనూ టైమ్‌లు రాసుకున్నాను. మూడు రకాల పేషెంట్లనూ కలిపి చూస్తే, డాక్టరు మాట చెప్పిన దగ్గర్నుంచి మంచం ఖాళీ అయ్యేదాకా సగటున ఐదు గంటలు పడుతోంది. దీన్ని ఎండీ సారు ముందు పెట్టడానికి ఆపరేషన్స్ పేపర్లో చదివిన లిటిల్ సూత్రం పనికొచ్చింది. 1961లో జాన్ లిటిల్ నిరూపించినది: ఒక చోట సగటున ఎంతమంది ఉంటారంటే, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే వచ్చేంత. రోజుకు 30 మంది, ఒక్కొక్కరు ఐదు గంటలు, అంటే రోజుకు 150 గంటలు. 24తో భాగిస్తే ఆరు పడకల పైనే. "సర్, మన దగ్గర ఆరు పడకల్లో ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కూర్చుంటున్నారు. కింద క్యాజువాలిటీలో ట్రాలీ మీద మనిషి మంచం కోసం ఎదురుచూస్తున్నాడు" అన్నాను. సూత్రం సంగతి ఏమో గానీ, ఆరు పడకలు కట్టాలంటే ఎంతవుతుందో ఆయనకు బాగా తెలుసు.

మొదటి ప్రయత్నం, ఫ్లెక్సీ

పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టాను. ప్రాజెక్ట్ చార్టర్, ఎవరు దేనికి బాధ్యులో చూపించే చార్ట్, వారం వారం రివ్యూ. బిల్లింగ్‌లో ఇంకో కౌంటర్ తెరిచి ఒకమ్మాయిని తీసుకున్నాం. 'డిశ్చార్జ్ ఫాస్ట్ ట్రాక్' అని వాట్సాప్ గ్రూప్ పెట్టాం. వారానికల్లా ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏం రావడం లేదు. బిల్లింగ్ దగ్గర క్యూ తగ్గింది, నిజమే. పేషెంట్ ఇంటికెళ్లే టైమ్ మాత్రం కదల్లేదు. కదలదు కూడా. బిల్లింగ్ చేతికి ఫైలు వచ్చేదే సాయంత్రం నాలుగింటికైతే, అక్కడ ఇద్దరున్నా పది మందున్నా ఒకటే. బుధవారం నోట్‌బుక్‌లో అది స్పష్టంగా రాసుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కాలేజీలో రాసిన రిపోర్ట్ నా చేయి పట్టుకుని నడిపించింది.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. రివ్యూ మీటింగ్‌కి చేసిన స్లైడ్‌లో మా టార్గెట్ '2 గంటల్లో డిశ్చార్జ్' అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. టార్గెట్ అన్న మాట చిన్నగా పైన ఎక్కడో ఉంది. మార్కెటింగ్ మేనేజర్ ఉత్సాహం మనిషి, స్లైడ్ ఫొటో తీసుకున్నాడు. నాలుగో రోజుకు మెయిన్ గేటు పక్కన పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది: నవ్వుతున్న కుటుంబం, కింద ఎర్రటి అక్షరాల్లో 'కేవలం 2 గంటల్లో డిశ్చార్జ్!' అతన్ని తప్పుపట్టలేను. తప్పు నాదే, జరగనిదాన్ని జరిగినట్టు కనపడేలా చూపించాను.

మర్నాడే ఒక పేషెంట్ కొడుకు, తండ్రిని వీల్‌చైర్‌లో ఆ ఫ్లెక్సీ కింద కూర్చోబెట్టి ఫొటో తీసి, గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి పెట్టాడు. కింద రాసింది ఒకటే ముక్క: 'ఇది రాత్రి 8 గంటలకు తీసిన ఫొటో.' సర్వీస్ మార్కెటింగ్ పాఠంలో ఆశకూ అనుభవానికీ మధ్య గ్యాప్ అని ఒక బొమ్మ గీస్తారు. దానికి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. ఫ్లెక్సీ లేకపోయినా ఆ తండ్రి ఎనిమిదింటికే వెళ్లేవాడు, బహుశా గొణుక్కుంటూ వెళ్లిపోయేవాడు. కోపం తెప్పించింది ఫ్లెక్సీ. ఆ రాత్రే దింపించాను.

గోడ మీద కాగితాలు

రెండోసారి మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ ముట్టుకోలేదు. కాన్ఫరెన్స్ రూమ్ గోడ మీద, డిశ్చార్జ్‌లో జరిగే ప్రతి పనినీ ఒక్కో పసుపు కాగితం మీద రాసి అంటించాం. మేట్రన్ మేడమ్, ఫార్మసీ ఇన్‌చార్జ్, బిల్లింగ్ నుంచి ఒకరు, ఒక డ్యూటీ డాక్టరు, వార్డ్ బాయ్ ఒకతను. ప్రతి కాగితం దగ్గరా ఒకటే ప్రశ్న: ఇది మొదలవ్వాలంటే ముందు ఏది అయిపోవాలి?

క్రిటికల్ పాత్ అని చెప్పుకునేది ఇదే. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఫ్యాక్టరీ పనుల కోసం తయారైన పద్ధతి. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలో అందరం గీసినదే, బాణాలూ గుండ్రాలూ. పరీక్షలో ఏ పని తర్వాత ఏదో ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. అసలు కష్టం అది కనుక్కోవడంలో ఉందని ఆ గోడ ముందు తెలిసింది. ఎందుకంటే మొదట్లో అందరూ ఒకటే జవాబు చెప్పారు: "డాక్టరు గారు డిశ్చార్జ్ అంటేనే కదా సార్ ఏదైనా మొదలయ్యేది."

అప్పుడు వార్డ్ బాయ్ అడిగాడు, "మందులు వాపస్ ఇయ్యడానికి డాక్టరు గారు చెప్పాలా సార్? రేపు వెళ్లే మనిషికి ఈ రాత్రి అన్ని మందులు ఎందుకు తెప్పిస్తన్నారు?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రేపు వెళ్లే అవకాశం ఉన్న మనిషికి సాయంత్రం ఇండెంట్‌లో, అంటే ఫార్మసీకి పంపే మందుల చీటీలో, పొద్దున డోసుల వరకే తెప్పిస్తే, వాపసు చేయడానికి ఏమీ మిగలదు. బుట్ట లేదు, లిఫ్ట్ దగ్గర ఎదురుచూపు లేదు, ఫార్మసీ క్యూ లేదు. మిగతా కాగితాలు కూడా అదే వరుసలో ఒక్కొక్కటిగా కదిలాయి. సమ్మరీలో తొంభై పాళ్లు, అంటే ఎందుకు చేరారు, ఏం ఆపరేషన్, ఏ రిపోర్టులో ఏముంది, ఇవన్నీ ముందు రాత్రికే తెలిసినవి. బిల్లు ఆడిట్ కూడా అంతే. పొద్దున డాక్టరు కళ్లతో చూసి చెప్పాల్సిన పని ఒక్కటే, ఈ మనిషి ఇంటికెళ్లే స్థితిలో ఉన్నాడా లేదా. మేం ఆ ఒక్క పని వెనక మిగతా అన్నిటినీ క్యూలో నిలబెట్టాం.

కీలకం సంతకం దగ్గర తేలింది. సర్జన్ 10:30కి ఓటీలోకి వెళ్తే మళ్లీ దొరకరు. కాబట్టి ఆయన పొద్దున రౌండ్స్‌కి వచ్చేసరికి సమ్మరీ డ్రాఫ్ట్ మంచం దగ్గర చేతికి అందాలి. సాయంత్రం రౌండ్స్‌లో 'రేపు వెళ్లొచ్చేమో' అన్నవాళ్ల పేర్లు వార్డు వైట్ బోర్డు మీద, రాత్రి డ్యూటీ డాక్టరు డ్రాఫ్ట్, పొద్దున మార్పులు, అక్కడే సంతకం. ప్లాన్ అంతే.

పెద్ద సర్జన్ గారు ఒప్పుకోలేదు. "పొద్దున చూడకుండా రాత్రే ఎలా చెప్తానయ్యా? జ్వరం వస్తే? నువ్వొచ్చి చూస్తావా?" అన్నారు. ఆయన భయం తప్పు కాదు, రెండో వారంలోనే నిజమైంది కూడా. బోర్డు మీద పేరు చూసిన ఒక కుటుంబం రాత్రే కారు మాట్లాడుకుంది, పొద్దున పేషెంట్‌కి జ్వరం. వెళ్లొద్దంటే పెద్ద గొడవ చేశారు, బిల్లు పెంచడానికే ఆపారని. అప్పటి నుంచి బోర్డును నర్సింగ్ స్టేషన్ లోపలికి మార్చాం. కుటుంబానికి చెప్పే మాటను కూడా కాగితం మీద రాసి సిస్టర్లకు ఇచ్చాం: "రేపు ఉదయం సర్ చూశాక చెప్తారు." ముందే చెప్పేస్తే గొడవ, అసలు చెప్పకపోతే డబ్బు సర్దుకోవడానికి టైమ్ ఉండదు. ఈ రెంటి మధ్య మంచి మాట ఇంకా దొరకలేదు. ఇప్పటికీ చేతి డబ్బు కట్టేవాళ్లకు మాత్రం రాత్రే అప్పటిదాకా అయిన బిల్లు చూపిస్తాం, అంతవరకే.

రాత్రి డ్యూటీ డాక్టర్ల గొడవ వేరు. "నైట్ డ్యూటీలో క్లర్క్ పని కూడా మాదేనా?" అన్నారు. వాళ్లకు నేను ప్రోత్సాహకం ఏదీ ఇవ్వలేదు. నైట్ చేసి పొద్దున రూముకెళ్లి పడుకుంటే, మధ్యాహ్నం వార్డు నుంచి ఫోన్ చేసి "సర్, ఆ పేషెంట్ డోస్ ఎంత రాశారు?" అని లేపడం వాళ్లకు రోజూ ఉండే బాధ. సమ్మరీ వాళ్లే రాస్తే ఆ ఫోన్లు ఉండవు. మూడు వారాలకు నోరు మెదపడం మానేశారు.

బీపీ ఎప్పటి నుంచి అనే క్వెరీకి మందు డిశ్చార్జ్ రోజున లేదు, అడ్మిషన్ రోజున ఉంది. పాత జబ్బుల చరిత్రను డాక్టరు ఒకసారి, సిస్టర్ ఒకసారి అడిగి రాయడం మానేసి, డాక్టరు రాసినదాన్నే సిస్టర్ కుటుంబంతో సరిచూసుకుని సంతకం చేసేలా మార్చాం. తేడా ఉంటే అప్పుడే తేల్చుకుంటారు. ఇది అనుకున్నదానికంటే బాగా పనిచేసింది.

అద్దె లెక్క, రాహుకాలం లెక్క

ఇక్కడ చాలా కేస్ స్టడీల్లో రాయని సంగతొకటి. ప్రాజెక్ట్ నడుస్తుండగా అకౌంట్స్ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "లేటయితే సగం రోజు అద్దె వస్తోంది కదయ్యా, నువ్వెందుకు తొందరపెడుతున్నావు?" అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు, లెక్కలో ఉన్నదే అన్నారు. చాలా ఆస్పత్రుల్లో డిశ్చార్జ్ కదలకపోవడానికి ఇలాంటి లెక్కొకటి ఎక్కడో లోపల ఉంటుందని నా అనుమానం. అందుకే ఆయనతోనే కూర్చుని లెక్క వేశాం. ఆరోగ్యశ్రీ పేషెంట్‌కి ప్యాకేజీ రేటు ముందే ఖాయం. మంచం ఒక పూట ఎక్కువ వాడితే మాకు పైసా రాదు, భోజనం, కరెంటు, నర్సింగ్ ఖర్చు మాత్రం పోతుంది. ఇన్సూరెన్స్‌లోనూ చాలా ఆపరేషన్లకు ప్యాకేజీయే. మిగిలింది చేతి డబ్బు వాళ్లు. వాళ్ల దగ్గర వచ్చే సగం రోజు అద్దె పక్కన, మంచం లేదని క్యాజువాలిటీ నుంచి పక్క వీధి ఆస్పత్రికి వెళ్లిపోయిన ఒక్క ఆపరేషన్ కేసు పెట్టి చూపించాను. ఏ పేషెంట్ దగ్గరైనా ఆస్పత్రికి ఆదాయం వచ్చేది మొదటి రెండు రోజుల్లో, పరీక్షలూ ఆపరేషనూ జరిగినప్పుడు. చివరి రోజు మంచం వట్టి మంచమే. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, మధ్యాహ్నం రెండింటి దాకా అద్దె వెయ్యొద్దని సాఫ్ట్‌వేర్ వాడికి చెప్తాను" అన్నారు. ప్రాజెక్ట్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన రోజు అది.

రాహుకాలం సంగతి మేట్రన్ మేడమ్ చెప్పింది. అన్నీ సరిగ్గా జరిగిన శుక్రవారాల్లో కూడా పేషెంట్లు 12 దాటేదాకా కదలడం లేదేమిటని నేను తల పట్టుకుంటే, ఆవిడ నవ్వి, "శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు సర్. ఆపరేషన్ చేయించుకున్న మనిషిని ఎవరు కదిలిస్తారు?" అంది. ఫైలు సిద్ధం, బిల్లు సిద్ధం, గేట్ పాస్ చేతిలో, మనిషి మాత్రం మంచం మీద. మంగళవారమైతే అసలు వెళ్లనే వెళ్లం అనేవాళ్లు కొందరు. అమావాస్య నాడు లిస్టు సగమై, మర్నాడు రెట్టింపవుతుంది. ఇన్నాళ్లూ ఆ మర్నాటి రద్దీని సిబ్బంది నిర్లక్ష్యం అనుకున్నాను.

అప్పటి నుంచి వైట్ బోర్డు మూలన ఆ రోజు రాహుకాలం రాస్తున్నాం. శుక్రవారం లిస్టులోని ఫైళ్లు పదింటిలోపు తెమిల్చే ప్రయత్నం, బుధవారమైతే పన్నెండు లోపు. తెమలకపోతే కంగారు పడకుండా తర్వాతి వాటిని ముందుకు తెస్తాం, వాళ్లు ఎలాగూ ఆగుతారు కాబట్టి. అమావాస్య మర్నాడు ఫార్మసీలో ఒకరిని ఎక్కువ పెడతాం. దీన్ని క్వాలిటీ ఆడిట్‌కి వచ్చినవాళ్లకు చూపిస్తే ఏమంటారోనని కొంచెం టెన్షన్ పడ్డాను. ఆవిడెవరో చూసి, ఫొటో తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లారు.

ఇప్పుడెలా ఉంది

ఆరు నెలల తర్వాత మళ్లీ రెండు వారాలు నోట్‌బుక్ పట్టుకున్నాను. చేతి డబ్బు వాళ్లలో చాలామంది మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే వెళ్లిపోతున్నారు. ఇన్సూరెన్స్ ఫైళ్లు అంతకుముందు నాలుగింటికి పోయేవి, ఇప్పుడు ఎక్కువ భాగం పదకొండు, పన్నెండు మధ్య పోతున్నాయి. ఆ మూడు గంటల రూలు ఇప్పుడు నిజంగా మాకు ఉపయోగపడుతోంది. బిల్లింగ్‌లో తీసుకున్న అమ్మాయిని అడ్మిషన్ డెస్క్‌కి మార్చాం, పాత జబ్బుల కాగితం ఆవిడే చూసుకుంటుంది.

కదలనివి కూడా ఉన్నాయి. పెద్ద సర్జన్ గారు ఇప్పటికీ సాయంత్రం బోర్డు మీద పేరు రాయనివ్వరు. ఆయన పేషెంట్లు ఇప్పటికీ సాయంత్రమే వెళ్తారు, ఆయన చేతి మంచితనం వల్ల ఎవరూ ఏమీ అనరు. శనివారం మధ్యాహ్నం తర్వాత ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఒక్కరే ఉంటారు, శనివారం సాయంత్రం పాత ఆస్పత్రే. క్యాన్యులా మాత్రం పొద్దున సంతకం అవగానే తీసేయాలని రాసి పెట్టాం. ఒకరిద్దరు సిస్టర్లు తప్ప అందరూ పాటిస్తున్నారు.

మొన్న మార్కెటింగ్ మేనేజర్ నా గదికొచ్చి, "సర్, ఇప్పుడు పెట్టొచ్చా?" అన్నాడు. ఆ ఫ్లెక్సీ అతను పారేయలేదట, జనరేటర్ షెడ్డు మీద వాన పడకుండా బోర్లా కప్పి ఉంచాడట. శనివారం సాయంత్రం ఆరింటికి ఒకసారి రమ్మన్నాను, ఇద్దరం టీపీఏ డెస్క్ దగ్గర కూర్చుని చూద్దామని.